శిబిరం ఎత్తివేసిన తరువాత

మహాభారతం సభాపర్వంలో నారదుడు ధర్మరాజు కొలువుకు వచ్చి, కుశలప్రశ్నల మిషతో రాజధర్మాన్ని ఆసాంతం ప్రశ్నలుగా అడుగుతాడు. సేనకు తిండీ జీతమూ వేళకు అందుతున్నవా అనేది వానిలో ఒకటి. నీ కొరకు ప్రాణాలు విడిచినవారి భార్యలనూ, నీ కొరకు ఆపదలో పడినవారి భార్యలనూ పోషిస్తున్నావా అనేది మరొకటి. ఈ రెండవ ప్రశ్నలో మొదటి సగం అందరికీ జ్ఞాపకముంటుంది. మృతవీరుని కుటుంబాన్ని ఆదుకోవలెనని చెప్పడానికి దేవర్షి దిగి రానక్కరలేదు. శవం ముందు ఎంతటి ప్రభువైనా తల వంచుతాడు. అసలు చిక్కు రెండవ సగంలో ఉన్నది. చావక, మునుపటివలె బ్రతకనూ లేక, రాజకార్యంలో చితికి మిగిలినవాని మాట ఏమిటి? యుగాలు మారినా ఈ ప్రశ్న మారలేదు. భారత గణతంత్రం దీనికి కొంతమేరకు సమాధానం చెప్పుకుంటూ వచ్చినది. 2022లో మాత్రం ప్రశ్ననే కొట్టివేసే ఉపాయం ఒకటి దానికి తోచినది. చితికినవాడు తనవాడని ఒప్పుకోకపోతే సరిపోతుంది.

ఆ ఉపాయం ఎటు దారితీస్తుందో తెలుసుకోవడానికి సరిహద్దులకు పోనక్కరలేదు. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో, పవర్‌హౌస్ రైల్వేస్టేషనుకు సమీపాన, క్యాంప్ 1 అనే పేట ఉన్నది. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియనుతో ఒప్పందం కుదిరిన తరువాత ఈ ప్రాంతపు పొలాల నడుమ ఉక్కు కర్మాగారం లేచినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించినారు. కర్మాగారపు ఉద్యోగులకు వీథులూ చెట్లూ తీర్చిన సెక్టార్లు ఏర్పడినవి. పునాదులు త్రవ్వినవారు, ఇటుకలు మోసినవారు తలదాచుకొనే చోట్లకు అంకెలే పేర్లయినవి: క్యాంప్ 1, క్యాంప్ 2. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి పనికోసం పోయిన తెలుగు కుటుంబాలు భిలాయి కార్మికపేటలలో ఛత్తీస్‌గఢీ, ఒడియా, భోజ్‌పురీ మాట్లాడే కుటుంబాల నడుమ స్థిరపడినవి. క్యాంపు అంటే పని ముగియగానే ఎత్తివేసేది. కర్మాగారం కట్టి ఆరు దశాబ్దాలు దాటినది; మనుమలకు మనుమలు పుట్టినారు; పేట పేరు మాత్రం ఇంకా క్యాంపే.

అక్కడికి దగ్గరలోనే ఛావనీ అనే పేట మరొకటి ఉన్నది. హిందీలో ‘ఛానా’ అంటే కప్పు వేయడం. దాని నుంచి పుట్టిన ‘ఛావనీ’ సైన్యపు నివాసానికి పేరయినది. తెలుగువారు అదే చోటును దండు విడిది అన్నారు, శిబిరం అన్నారు. హిందీ మాటలో కప్పు కనబడుతుంది. తెలుగు మాటలో దిగడమూ లేచిపోవడమూ వినబడుతుంది. సైనికుని బ్రతుకుకు ఈ రెండు మాటలూ కావలసినవే. కొలువులో ఉన్నంతకాలం వానికి కప్పు ఉన్నది. కొలువు తీరిననాడు విడిది లేస్తుంది. ఆనాడు వాడు ఎక్కడికి పోవలెను అన్నదే ఈ వ్యాసానికి విషయం.

సైనికుని ప్రశ్నకు ఉక్కు కూలీల పేట సాక్ష్యం ఎట్లా చెబుతుందని సందేహం కలుగవచ్చు. క్యాంప్ 1 వంటి పేటలు ఒక సిద్ధాంతాన్ని ఒంటిమీద అనుభవించినవి. పని శాశ్వతమైనా పనివాడు తాత్కాలికుడుగానే ఉండవలెను అనేది ఆ సిద్ధాంతం. దానికి ఉత్తరదేశంలో ఠేకా అని పేరు. తెలుగుదేశంలో కాంట్రాక్టు అని పేరు. 1990లో భిలాయి చుట్టుపక్కల ప్రైవేటు కర్మాగారాల ఠేకా కార్మికులు ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా నాయకత్వాన ఆందోళనకు దిగినారు. బ్రతకడానికి చాలినంత వేతనం, స్థిరమైన ఉద్యోగం, సంఘం పెట్టుకొనే హక్కు వారు అడిగినవి. వారి నాయకుడు శంకర్ గుహా నియోగి అత్యవసర పరిస్థితిలో ఒకసారి, 1991లో మరొకసారి జైలుకు పోయినాడు. ఆ ఏడే సెప్టెంబరు 28న భిలాయిలో నిద్రలో ఉండగా ఆయనను కాల్చి చంపినారు. 1992 జూలై 1న పవర్‌హౌస్ స్టేషను దగ్గర పట్టాలమీద కూర్చున్న కార్మికులమీద పోలీసులు కాల్పులు జరిపినారు. పదిహేనుమందికి పైగా మరణించినారు. 2001 ఆగస్టులో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ఠేకా పద్ధతిని నిషేధించినంతమాత్రాన ఠేకా కార్మికులు తమంత తాముగా ఆ సంస్థ ఉద్యోగులైపోరని తేల్చినది. తాత్కాలికుడు నోరు విప్పితే మొదట జైలు, పిమ్మట తుపాకి, చివరకు చట్టం ఎదురుపడినవి. అదే సిద్ధాంతం ఇప్పుడు ఛావనీలో ప్రవేశించినది.

2022 జూన్ 14న కేంద్రప్రభుత్వం అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించినది. పదిహేడున్నర ఏండ్లు నిండిన పిల్లవానిని నాలుగేండ్లకు సేనలో చేర్చుకుంటారు. గడువు తీరగానే నూటికి ఇరవైఅయిదుగురు వరకు నిలుపుకొని, మిగిలిన డెబ్బై అయిదుగురిని ఇంటికి పంపుతారు. పోయేవాని చేతిలో సుమారు 11 లక్షల 71 వేల రూపాయలు పెడతారు. దానికి సేవానిధి అని పేరు. అందులో ప్రభుత్వం వేసే వంతు ఎంతో, వాని జీతం నుంచి నెలనెలా నూటికి ముప్పై చొప్పున తీసిన వంతూ అంతే; మిగిలినది వడ్డీ. పెన్షను లేదు, గ్రాట్యుయిటీ లేదు, మాజీ సైనికుల ఆరోగ్య పథకం లేదు, క్యాంటీను లేదు. ఇవన్నీ లేకపోవడం ఒక ఎత్తు. మాజీ సైనికుడు అనే హోదా కూడా వానికి వర్తించదని 2022 నియమాలు స్పష్టంగా చెప్పినవి. నాలుగేండ్లు సేనలో ఉండి, ఆ సేనలో ఎన్నడూ లేనివానివలె బయటికి రావలెను. సేవలో వికలాంగుడైనవానికి వైకల్యం నూటికి నూరు, డెబ్బై అయిదు, యాభై అని లెక్కగట్టి 44 లక్షలు, 25 లక్షలు, 15 లక్షలు ఒక్కసారిగా ఇచ్చి చేతులు దులుపుకొనే ఏర్పాటు చేసినారు. నారదుని రెండవ సగపు ప్రశ్నకు ఇది జమాఖర్చు గుమాస్తా చెప్పిన సమాధానం. కాలు పోయినవానికి ఆ కాలు లేని రోజులు ఒక్కసారిగా గడిచిపోవు, నెలనెలా గడుస్తవి.

ప్రభుత్వపక్షం వాదనలు వినకుండా త్రోసివేయడం న్యాయం కాదు. సేన యౌవనంగా ఉండవలెను, సైనికుల సగటు వయస్సు 32 ఏండ్ల నుంచి 26కు దిగవలెను అన్నారు. కొండలమీద యుద్ధం చేసేవాడు పడుచువాడై ఉండవలెననడంలో తప్పేమీ లేదు. రక్షణ బడ్జెటును పెన్షన్లు తినివేస్తున్నవి అన్నారు. 2022–23లో 5 లక్షల 25 వేల కోట్ల కేటాయింపులో సుమారు 1 లక్షా 19 వేల కోట్లు పెన్షన్లకు పోయిన మాట నిజం. కాని పడుచువానిని చేర్చుకోవడానికీ, పంపివేసిన తరువాత వానిని ఎరుగనట్టు ఉండడానికీ సంబంధం ఏమిటి? నాలుగేండ్ల తరువాత ఇతర శాఖలలో తప్పనిసరిగా ఉద్యోగమిచ్చి యౌవనాన్ని కాపాడుకోవచ్చు. కొన్ని దళాలలో కొన్ని చోట్లు కేటాయిస్తామన్న ప్రకటనలు వచ్చినవి. వాగ్దానమంటే ఎంత విలువో పాత లెక్కలే చెబుతున్నవి. కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలలో మూడవ తరగతి ఉద్యోగాలలో 14.5 శాతం, నాలుగవ తరగతిలో 24.5 శాతం మాజీ సైనికులకు ఇవ్వవలెనని నియమం ఏర్పడినది. 2021 జూన్ చివర లెక్క చూస్తే, వివరాలిచ్చిన 94 సంస్థలలో వారు మూడవ తరగతిలో 1.15 శాతం, నాలుగవ తరగతిలో 0.3 శాతం ఉన్నారు. పెన్షనూ హోదా ఉన్నవారికే చోటు ఇంత ఇరుకైతే, రెండూ లేనివాడు ఏ ద్వారం తట్టవలెను? ఇక బడ్జెటు భారం మాట. ఖర్చు ఖజానా పద్దులోనుంచి కొట్టివేసినంతమాత్రాన లోకంలో మాయం కాదు. అది తల్లిదండ్రుల పొలం మీద పడుతుంది. తరువాత వీథిమీద పడుతుంది. చివరకు జైలుఖర్చు పద్దులో మళ్ళీ ఖజానాకే చేరుతుంది.

ఇక్కడ మర్యాదస్థులైన పాఠకులు కొందరు అడ్డు తగులుతారు. వీథులలో పడివున్న మాజీ సైనికులు అమెరికాలో ఉంటారు గాని ఈ దేశంలో ఎక్కడున్నారు, ఇక్కడ కుటుంబమున్నది, పెన్షనున్నది, ఊరున్నది అంటారు. పదిహేనేండ్లు కొలువు చేసి గౌరవంగా దిగినవానికి పెన్షను ఉన్నమాట నిజమే. జిల్లా జిల్లాకూ సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నమాట నిజమే. అయితే గడువు నిండకుండా వచ్చినవానికి ఏమున్నది? శిక్షగా తొలగింపబడినవాడు సాధారణంగా పెన్షను కోల్పోతాడు. సెలవు దాటి రాకపోవడం, త్రాగుడు, పై అధికారిమీద చెయ్యిచేసుకోవడం అనే నేరాల వెనుక ఎన్ని చోట్ల చెదిరిన మనస్సు ఉన్నదో విచారించే తీరిక సైనిక న్యాయస్థానానికి తక్కువ. అన్నిటికంటె పెద్ద సాక్ష్యం కేంద్రీయ సైనిక బోర్డు పద్దులోనే ఉన్నది. పెన్షను లేని, అరవైఅయిదేండ్లు దాటిన మాజీ సైనికులకూ వారి వితంతువులకూ అది దారిద్ర్య సహాయం అనే పేరుతో నెలకింత అని ఇస్తున్నది. 2025లో ఆ మొత్తాన్ని 4,000 రూపాయల నుంచి 8,000కు పెంచినారు. దరిద్రులు లేనిచోట దారిద్ర్య సహాయం ఎవరికి? ఉన్నారని రాజ్యమే తన చేవ్రాలుతో ఒప్పుకొన్నది. ఎక్కడున్నారో, ఎందరున్నారో మాత్రం లెక్కించలేదు.

2011 జనాభా లెక్కలలో ఇల్లులేనివారు 17 లక్షల 73 వేలమంది తేలినారు. వారిలో ఆడవారెందరో, అక్షరాస్యులెందరో, షెడ్యూల్డు కులాలవారెందరో పట్టికలున్నవి. ఒకనాడు సేనలో పనిచేసినవారెందరో చెప్పే పట్టిక లేదు. జైళ్ళ గణాంకాలు ఏటేటా అచ్చవుతున్నవి. ఖైదీ మతం, చదువు, వయస్సు అందులో ఉన్నవి. వాడు సైనికుడా అని అడిగే గడి లేదు. లెక్కించకుండా లేరని చెప్పడం కళ్ళు మూసుకొని చీకటిపడినదని చెప్పడం వంటిది.

అమెరికా పేరు ఎత్తినారు గనుక దాని కథా చూడవలసినదే. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడినవారికి ఆ దేశం 1924లో ఒక బోనసు పత్రం ఇచ్చినది. సొమ్ము 1945లో ముట్టుతుందన్నది. 1930ల ఆర్థికమాంద్యంలో పనులు పోయి ఆకలికి తాళలేక వేలాదిమంది మాజీ సైనికులు 1932 వేసవిలో వాషింగ్టన్ చేరి, ఆ సొమ్ము ఇప్పుడే ఇమ్మని అడుగుతూ నది ఒడ్డున గుడిసెలు వేసుకున్నారు. అదీ ఒక శిబిరమే. జూలై 28న జనరల్ మెకార్థర్ నాయకత్వాన గుఱ్ఱపుదళమూ ట్యాంకులూ వచ్చి వారిని తరిమినవి, గుడిసెలు తగులబడినవి. నిన్నటి సైన్యాన్ని నేటి సైన్యం కొట్టినది. ఆ అవమానం ఊరకపోలేదు. 1936లో బోనసు చెల్లించినారు; 1944లో తిరిగివచ్చే సైనికుల చదువుకూ ఇంటికీ చట్టం చేసినారు. వియత్నాం యుద్ధం తరువాత మళ్ళీ వీథులు నిండినవి. 2011–12 ప్రాంతాన ఆ దేశపు జైళ్ళలో సుమారు 1,81,500 మంది మాజీ సైనికులు ఉన్నట్టు ప్రభుత్వమే ప్రకటించినది. కాని అక్కడ లెక్కించడం నేర్చుకున్నారు. ఒక్క రాత్రి లెక్కలో 2010లో ఇల్లులేని మాజీ సైనికులు సుమారు 74 వేలమంది. 2024 జనవరిలో 32,882 మంది. లెక్కించి, ఇంటి అద్దెకు సహాయమిచ్చి, వైద్యం అందించినందువల్ల సగానికి పైగా తగ్గినారు. బఫెలో నగరంలో 2008లో మొదలైన ప్రత్యేక న్యాయస్థానం చిల్లర నేరాలలో చిక్కిన మాజీ సైనికుని జైలుకు బదులు చికిత్సకు పంపే త్రోవ చూపినది. అమెరికా సిగ్గుపడవలసినవి ఎన్నో ఉన్నవి. ఈ లెక్క మాత్రం సిగ్గుపడి చేసిన మంచిపని.

ఇంగ్లండు ఇంకొక త్రోవ చూపినది. దురదృష్టవశాత్తు భారతదేశం అనుసరించినది దానినే. 1815లో నెపోలియన్ యుద్ధాలు ముగియగానే విడుదలైన సైనికులూ నావికులూ పనిలేక రోడ్లమీద పడినారు. 1824లో పార్లమెంటు దేశదిమ్మరుల చట్టం చేసి, ఆరుబయట పడుకోవడాన్నీ యాచించడాన్నీ నేరాలుగా ప్రకటించినది. గాయాలు చూపి ధర్మమడగడం కూడా ఆ చట్టంలో నేరమే. యుద్ధంలో తగిలిన గాయానికి మినహాయింపు లేదు. 1959 బొంబాయి యాచక నిరోధక చట్టంలో గాయం చూపడం అనే ఆ నేరమే మళ్ళీ కనిపిస్తుంది. ఆ చట్టాన్ని ఢిల్లీకి వర్తింపజేసిన తరువాత, అందులోని ముఖ్యమైన నిబంధనలను 2018 ఆగస్టులో అక్కడి హైకోర్టు కొట్టివేసినది. ఆంధ్రప్రదేశ్ 1977లో తనకంటూ ఒక యాచక నిరోధక చట్టం చేసుకున్నది. 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ సమావేశం జరుగబోతుండగా పోలీసులు యాచనను నిషేధించి, వీథులలో ఉన్నవారిని పోగుచేసినారు. వారికి ఆశ్రయం ఏర్పాటు చేసిన చోటు ఏది? చంచల్‌గూడ జైలు ఆవరణ. దానికి ఆనందాశ్రమమని పేరు. ఇల్లులేనివానికి రాజ్యం వద్ద ఉన్న కప్పు జైలుకప్పేనని ఇంతకంటె విపులంగా చెప్పనక్కరలేదు.

అదే చంచల్‌గూడకు 2022 జూన్‌లో మరొక గుంపు వచ్చినది. అగ్నిపథ్ ప్రకటన వెలువడిన మూడవనాడు, జూన్ 17న, సికింద్రాబాదు స్టేషనులో సైన్యంలో చేరగోరే యువకులు ఆగ్రహంతో రైళ్ళకు నిప్పుపెట్టినారు. పోలీసుల కాల్పులలో ఒక యువకుడు మరణించినాడు. పదులకొద్దీ పట్టుబడినవారు చంచల్‌గూడ చేరినారు. రైలు తగులబెట్టడాన్ని ఎవరూ సమర్థించరు. కాని ఆ గోడలలో ఒకే కథ రెండు కొసలూ కనిపించినవి. సేనలో స్థిరంగా చేర్చుకొమ్మని అరచినవాడు ఒక కొస. ఏ ఆధారమూ మిగలనివాడు రెండవ కొస. ఆందోళనలో పాల్గొనలేదని హామీపత్రం ఇవ్వనివానికి సేనలో చోటు లేదని వెంటనే అధికారులు ప్రకటించినారు. భిలాయి పట్టాలమీద 1992లో కూర్చున్నవారు అడిగినదీ, సికింద్రాబాదు పట్టాలమీద 2022లో నిలిచినవారు అడిగినదీ ఒక్కటే: నిలకడైన కొలువు.

నిలువనీడ లేనివానికీ జైలుకూ నడుమ ఉన్న వంతెన పేరు జామీను. 2022 చివర దేశపు జైళ్ళలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది విచారణ తేలనివారే. చిరునామా లేనివానికి పూచీ ఎవరు పడతారు? 1978లో మధ్యప్రదేశ్ నుంచి మోతీరాం అనే తాపీపనివాని మొర సుప్రీంకోర్టుకు చేరినది. పదివేల రూపాయల పూచీ అడిగి, అన్నదమ్ముడు పూచీపడితే వాని ఆస్తి వేరే జిల్లాలో ఉన్నదని క్రింది మేజిస్ట్రేటు త్రోసివేసినాడు. దక్షిణాదివాడు బస్తరులో పట్టుబడితే పూచీదారుని ఎక్కడనుంచి తెచ్చుకుంటాడని జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో నిలదీసినాడు. శ్రీకాకుళంలో అన్న భిలాయి కొలిమికి పోతాడు, తమ్ముడు సేనకు పోతాడు. పరదేశంలో చిక్కుపడితే ఇద్దరికీ పూచీ దొరకదు. ఆ ప్రశ్న అడిగి నలభై ఏండ్లు దాటినా జైళ్ళ లెక్క పైన చెప్పినట్టే ఉన్నది.

స్వాతంత్ర్యం కొరకు ఆయుధం పట్టినవారికి జరిగినది చూస్తే ఈ కృతఘ్నత కొత్తది కాదని తెలుస్తుంది. ఆజాద్ హింద్ ఫౌజులో మలయా తోటల కూలీలు చేరినారు. వారిలో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. 1945–46 ఎఱ్ఱకోట విచారణల కాలంలో దేశమంతా వారికి జేజేలు పలికినది. స్వతంత్రభారతం మాత్రం వారిని తన సేనలోకి తిరిగి తీసుకోలేదు. షా నవాజ్ ఖాన్ తరువాత మంత్రి అయినాడు. హైదరాబాదువాడైన ఆబిద్ హసన్ రాయబారి అయినాడు. పెద్ద హోదాలవారికి పెద్ద త్రోవలు దొరికినవి. మామూలు జవానుకు పెన్షను అనే మాట 1972లో, స్వాతంత్ర్యం వచ్చిన పాతికేండ్లకు వినబడినది. ఆ పెన్షను పథకంలో స్వాతంత్ర్యయోధులు సాధారణంగా చూపవలసిన యోగ్యత ఆరునెలల జైలు. దానికి జైలువారి ధ్రువపత్రం. పరప్రభుత్వం వేసిన సంకెళ్ళకు రసీదు తెస్తే స్వప్రభుత్వం గుర్తుపడుతుందన్నమాట.

ఈ నేరంలో సాహిత్యానికి వంతు లేదని చెప్పడానికి వీలులేదు. తెలుగునేల నిండా వీరగల్లులు ఉన్నవి. కారెంపూడిలో వీరుల గుడి ఉన్నది. పడినవానికి రాయి నిలిపిన జాతి, తిరిగివచ్చినవానిని ఎట్లా చూసినది? ఖడ్గతిక్కన కథ ప్రతి తెలుగు పిల్లవానికీ తెలుసు. యుద్ధం నుంచి వెనుదిరిగి వచ్చినవానికి భార్య స్నానానికి మంచం అడ్డుపెట్టి పసుపుముద్ద ఉంచినది. తల్లి విరిగిన పాలు పోసినది. వాడు సిగ్గుపడి తిరిగిపోయి చచ్చినాడు. అప్పుడు కవులకు పనికివచ్చినాడు. హిందీలో చంద్రధర్ శర్మా గులేరీ 1915లో వ్రాసిన ‘ఉస్నే కహా థా’ను చదివి కన్నీరు పెట్టనివారు లేరు, అందులో లహనాసింగ్ యుద్ధభూమిలోనే మరణిస్తాడు. ఒకవేళ వాడు బ్రతికి, ఊపిరితిత్తులు చెడి, ఊరు చేరి ఉంటే ఆ కథ ఎవరు చదివేవారు? చచ్చిన సైనికుడు ఇతివృత్తం. బ్రతికిన సైనికుడు బ్యాంకు ద్వారం దగ్గర స్టూలుమీద కూర్చున్న కాపలావాడు. పాఠకుడు వానిని దాటి లోపలికి పోతాడు. రాజ్యం చేసే ఉపేక్షకు కావ్యం ఇట్లా ముందుగానే అలవాటు చేసిపెట్టినది.

ఇల్లులేని లక్షలమందిలో సైనికునికే ప్రత్యేకమైన జాలి ఎందుకని అడిగేవారు ఉన్నారు. అది మంచి ప్రశ్న. క్యాంపులో ఇటుక మోసినదానికంటె తుపాకి మోసినవాడు ఎక్కువ మనిషేమీ కాదు. అయితే పూలమాలలు వేసి, జైకొట్టి, పాఠ్యపుస్తకాలలో బొమ్మవేసి, ఎన్నికల వేదికలమీద పేరు వాడుకొని, అటువంటివానినే నాలుగేండ్లకు వదిలివేయగల రాజ్యం, ఏ మాలా వేయని తాపీపనివానిని కనికరిస్తుందని ఎవరు నమ్ముతారు? సైనికుని విషయం ఆ రాజ్యపు మాటకు పరీక్ష. వానికి దక్కిన హక్కు రేపు క్యాంపు కూలీకి త్రోవ అవుతుంది. వానికి జరిగిన ద్రోహం మిగిలినవారికి ముందే వ్రాసిపెట్టిన తీర్పు అవుతుంది.

కావలసినవి అసాధ్యాలు కావు. పూర్తి గడువు సేవచేసి దిగిన అగ్నివీరునికి మాజీ సైనికుని హోదా ఇవ్వవలెను. పెన్షను చర్చ తరువాత జరిగినా, పేరు ఇవ్వడానికి కాసు ఖర్చులేదు. సేవలో వికలాంగుడైనవానికి బ్రతికినన్నాళ్ళూ నెలనెలా భృతి ఉండవలెను. కేటాయించిన ఉద్యోగాలు ఏటా ఎన్ని నింపినారో ప్రతి సంస్థ ప్రకటించవలెను. జైలు రిజిస్టరులో ఒక గడి చేర్చి, సైనికుడని తెలియగానే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి కబురుపెట్టవలెను; జామీనుకు ఆ కార్యాలయమే పూచీ పడవలెను. ఆరుబయట పడుకున్నందుకు, చెయ్యి చాచినందుకు ఏ మనిషినీ, సైనికుడైనా కాకపోయినా, నిర్బంధించే చట్టం ఉండకూడదు.

వీటిలో ఒకదానికి తేదీ కూడా సిద్ధంగా ఉన్నది. 2027 మార్చి 1ని ప్రమాణంగా తీసుకొని జనాభా లెక్కలు జరుపుతామని 2025 జూన్‌లో ప్రభుత్వం ప్రకటించినది. ఇల్లులేనివారిని లెక్కించేది ఆ లెక్కల చివరి రాత్రిలోనే. 2022 చివర సేనలో అడుగుపెట్టిన మొదటి అగ్నివీరుల నాలుగేండ్ల గడువు నిండేది 2026 చివరలోనే. అంటే ఆ రాత్రి లాంతరు పట్టుకొని రైల్వేస్టేషన్లలో, వంతెనల క్రింద తిరిగే గణకుని కాగితంలో ఒక్క ప్రశ్న చేర్చితే చాలు: నీవు ఎన్నడైనా సేనలో పనిచేసినావా? మొదటి ఏడు ఆ ప్రశ్నకు అవునన్నవారు ఒక్కరూ ఉండకపోవచ్చు. ఉండకూడదనే అందరూ కోరుకోవలెను. పదేండ్ల తరువాత అదే ప్రశ్న మళ్ళీ అడిగితే, రాజ్యం తన మనుషులను ఏమి చేసుకున్నదో అంకెలలో తెలుస్తుంది.

ఆ ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో క్యాంప్ 1 పేరే చెబుతున్నది. తాత్కాలికమని చెప్పి తెచ్చిన మనుషులు తాత్కాలికంగా బ్రతకరు. వారికి ఆకలి వేస్తుంది, ముసలితనం వస్తుంది, పిల్లలు పుడతారు. శిబిరం ఎత్తివేసినంతమాత్రాన వారు మాయం కారు.